చుట్టూ ముగ్గురు, అందేది ఒక్కరికే: ఐకిడోలో బహుళ ప్రత్యర్థుల అభ్యాసం

అందరికీ నమస్కారం.

ఈ సభలో జూడో, కరాటే అభ్యసించేవారున్నారు, కర్రసాము నేర్పే పెద్దలున్నారు, ఇంతవరకు ఏ యుద్ధవిద్యతోనూ పరిచయం లేకుండా ఆత్మరక్షణ గురించి తెలుసుకుందామని వచ్చిన విద్యార్థినులు కూడా ఉన్నారు. ఒకరికంటే ఎక్కువమంది మీదపడినప్పుడు జపాన్ యుద్ధవిద్య అయిన ఐకిడో ఎంతవరకు అక్కరకు వస్తుంది, ఆ అభ్యాసం ఏ పద్ధతిలో సాగాలి అన్నది నాకు అప్పగించిన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకే క్షణంలో నలుగురితో పోరాడగలిగిన మనిషి ఎక్కడా లేడు. అయితే చుట్టూ నలుగురున్నా, ఏ క్షణంలో చూసినా వారిలో ఒక్కరికి మాత్రమే తాను అందేలా చోటు మార్చుకుంటూ పోగలిగిన మనిషి తయారు కాగలడు. ఈ అభ్యాసంలో మనం నేర్చుకునేది ప్రధానంగా ఆ చోటు మార్చుకోవడమే. పడవేయడాలు దాని వెనకాల వస్తాయి, కొన్నిసార్లు రాకపోయినా నష్టం లేదు.

ఐకిడో స్థాపకులు మొరిహే ఉయెషిబా 1883లో జపాన్‌లోని వకయామా ప్రాంతంలో తనబే అనే ఊరిలో పుట్టి 1969లో మరణించారు. 1915లో ఆయన హొక్కైడో దీవిలో తకెదా సోకాకు అనే గురువును కలుసుకుని దైతో-ర్యూ జుజుత్సు నేర్చుకోవడం ప్రారంభించారు. ఇద్దరు ముగ్గురు కలిసి చేతులు, భుజాలు పట్టుకున్నప్పుడు విడిపించుకునే పద్ధతులు ఆ పాత విద్యలోనే ఉన్నాయి. 1931లో టోక్యోలో ఉయెషిబా డోజో, అంటే శిక్షణాలయం, కోబుకాన్ వెలిసింది. 1935లో ఒసాకాలో అసాహి పత్రిక వారి ఆధ్వర్యంలో తీసిన ఒక చలనచిత్రం ఇప్పటికీ దొరుకుతుంది. అప్పటికి ఏభైయేళ్లు దాటిన ఉయెషిబా అందులో అనేకుల మధ్య తిరుగుతూ కనిపిస్తారు. ఆ చిత్రం చూసేవారి కళ్లు సహజంగా గాలిలోకి లేచి పడేవారి మీదికే పోతాయి. నేను నా విద్యార్థులను ఆయన పాదాల మీదనే చూపు నిలపమంటాను. ఒకచోట పట్టుమని రెండు క్షణాలు ఆ పాదాలు ఆగవు, ఎవరి రాక కోసమూ ఎదురుచూడవు.

అనేకులు చుట్టుముట్టి దాడి చేసినా వారిని ఒక్క శత్రువుగానే భావించి పోరాడాలి అనే అర్థం వచ్చే పద్యం ఒకటి ఆయన శిష్యులకు చెప్పేవారు. దానిని ఆధ్యాత్మిక బోధగా వ్యాఖ్యానించేవారు చాలామంది ఉన్నారు, ఆ వ్యాఖ్యానంతో నాకు పేచీ లేదు. కాని సాధన చేసే చాప మీద నిలబడి చూస్తే అది అక్షరాలా పాటించదగిన సూచనగానే నాకు తోస్తుంది. పదిహేడో శతాబ్దపు ఖడ్గవీరుడు మియమోతో ముసాషి కూడా, చేపలను వరుసగా తాడుకు గుచ్చినట్టు శత్రువులను ఒకే వరుసలోకి తోలాలని రాశారు. ముగ్గురు వరుసలో నిలబడితే ముందున్నవాడికే మనం అందుతాం, వెనకనున్న ఇద్దరికి ఆ ముందువాడే అడ్డం. వారు నిలబడమంటే వరుసలో నిలబడరు కాబట్టి, వారిని ఆ వరుసలోకి తెచ్చే పని మన నడక చేయాలి.

అది ఎలా జరుగుతుందో కాస్త నిదానంగా చూద్దాం. మీకు ఎదురుగా ఒకరు, ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు, మూడేసి గజాల దూరంలో ఉన్నారనుకోండి. మీరు నిలబడినచోటే నిలబడితే ముగ్గురూ ఇంచుమించు ఒకేసారి మీ మీదికి చేరతారు. వెనక్కి నడిస్తే మొదటి రెండడుగులు ఎంతో క్షేమంగా అనిపిస్తాయి, ఎందుకంటే ముగ్గురూ కంటి ముందే ఉంటారు. కాని ముందుకు వచ్చేవాడి వేగం వెనక్కి పోయేవాడికి ఎన్నటికీ రాదు, పైగా వెనక గోడ ఉందో, గట్టు ఉందో, నిలిపిన బండి ఉందో మీకు కనబడదు. నేరుగా ముందుకు, ఆ ముగ్గురి మధ్యకు దూకితే రెండు పక్కల వారూ మీ వీపు వైపు చేరి వలయం మూసేస్తారు. ఇక మిగిలిన దారి కొత్తవారికి అన్నిటికన్నా భయం కలిగించేది. వారు పూర్తిగా కదలకముందే, చివరనున్న ఒకరి వైపు మీరే వెళ్లాలి. ఎడమవైపు వ్యక్తిని ఎంచుకున్నారనుకుందాం. అతని కుడి భుజానికి వెలుపలి పక్కగా ఒక అడుగు చొచ్చుకుని వెళ్లి, అతని వీపు పక్కకు చేరి, అక్కడ ఒంటిని తిప్పాలి. చొచ్చుకుపోయే అడుగును ఇరిమి అని, ఆ తిరుగుడును తెన్‌కాన్ అని ఐకిడోలో అంటారు, మొదటి నెలలోనే అందరికీ నేర్పుతారు. ఇవి రెండూ పూర్తయ్యేసరికి మీకు, మిగిలిన ఇద్దరికి నడుమ ఆ ఎడమవైపు వ్యక్తే ఉంటాడు. మధ్యలో ఉన్నవాడు అతన్ని చుట్టి రావాలి, కుడివైపు వాడు ఆ ఇద్దరినీ చుట్టి రావాలి. ఇంతకుముందు ముగ్గురూ సమదూరంలో ఉన్నారు, ఇప్పుడు ఒకడు దగ్గర, ఒకడు కొంచెం దూరం, ఒకడు మరింత దూరం. ఈలోగా మీరు ఎవరినీ పడవేయలేదు, ఎవరి చేయీ మెలితిప్పలేదు.

ఈ వరుస రెండు మూడు అడుగుల కాలమే నిలుస్తుంది. తరువాత వారు మళ్లీ విడివడి చుట్టూ చేరతారు, మీరు మళ్లీ చివరివాని వెలుపలికి పోవాలి. అనేకులతో చేసే స్వేచ్ఛాభ్యాసాన్ని జపాన్‌లో తానిన్‌జుగాకే అంటారు, అమెరికా డోజోలలో దీనికే రందోరి అన్న మాట స్థిరపడింది. పేరు ఏదైనా అందులో ఉన్నది ఈ చక్రమే. కర్రసాము తెలిసినవారికి ఇందులో ఒక లోటు వెంటనే కనిపిస్తుంది. కర్ర తిప్పేవాడు తన చుట్టూ ఖాళీని తానే సృష్టించుకోగలడు. వట్టి చేతులవాడికి ఆ వీలు లేదు కాబట్టి, అతడు ఖాళీ ఉన్నచోటికి తానే వెళ్లాలి.

ఇప్పుడు చేతుల పని. ఒక్కరితో అభ్యసించేటప్పుడు గొప్పగా అనిపించే పద్ధతులన్నీ ఇక్కడ సమానంగా పనికిరావు. వాటిని జల్లించడానికి నేను ఒకే ప్రశ్న వాడతాను. ఈ పద్ధతి నా రెండు చేతులను, నా రెండు కళ్లను ఒకే మనిషి మీద ఎంతసేపు కట్టిపడేస్తుంది? షిహోనాగే అంటే నాలుగు దిక్కులకూ విసిరే పద్ధతి, పేరు వింటే అనేకుల కోసమే పుట్టిందనిపిస్తుంది. కాని దానిలో రెండు చేతులతో ఎదుటివాని మణికట్టు పట్టి, అతని చేయి కిందుగా దూరి, పూర్తిగా వెనక్కి తిరగాలి. ఆ తిరిగే సమయమంతా మిగిలినవారికి మన వీపే కనిపిస్తుంది. కోతెగాయెషిలో మణికట్టు తిప్పి పడవేసినంతవరకు బాగానే ఉంటుంది. ఆ తరువాత అలవాటుగా అతన్ని బోర్లా తిప్పి, మోకాలి మీద కూర్చుని, నేలకు అదిమిపట్టడం మొదలుపెడితే రెండో వ్యక్తి వచ్చి మెడ పట్టుకుంటాడు. ఏళ్ల తరబడి ప్రతి పద్ధతినీ అదిమిపట్టడంతో ముగించే అలవాటు ఒంటికి పట్టినవారు, గుంపు ఎదురైనప్పుడు కూడా తమకు తెలియకుండానే కిందికి వంగుతారు. నిక్యో, యోన్‌క్యో వంటి కీలు పట్లు కూడా ఈ సందర్భానికి నెమ్మది.

పనికివచ్చేవి పొట్టివి. మీదికి వచ్చే వేగాన్ని అడ్డుకోకుండా దారి మళ్లించే కొక్యునాగే రకాలు, మెడ పక్కగా చొచ్చుకుపోయి నిలకడ చెదరగొట్టే ఇరిమినాగే, వంగిన తలను, చేతిని పట్టి ముందుకు దొర్లించే కైతెన్‌నాగే, మోచేతిని తోసి పంపే ఇక్క్యో తొలి సగం, ఇంతే. పూర్తిగా పడవేయడం కూడా అవసరం లేదు. ఒక మనిషిని రెండడుగులు తూలేలా చేసి, ఆ తూలుడు తరువాతి వ్యక్తి దారిలో పడేలా పంపితే ఇద్దరి పని ఒకేసారి జరుగుతుంది. అందుకే ఎలా విసరాలి అనే ప్రశ్నకన్నా ఎటు విసరాలి అనేది ముందు రావాలి. సంక్యో ఒక్కటి కొంచెం వేరు. మణికట్టును మెలిపెట్టి మోచేతిని పైకి లేపినప్పుడు ఎదుటివాడు మునివేళ్ల మీదికి లేస్తాడు, ఆ స్థితిలో అతన్ని మిగిలినవారికి అడ్డంగా నడిపించవచ్చు. కాని అది ఒకటి రెండు క్షణాల వెసులుబాటే, దానిని మించి పట్టుకోవాలనుకుంటే అతడే మనల్ని ఆపి ఉంచినవాడవుతాడు.

అతెమి, అంటే దెబ్బ, గురించి కొందరు ఐకిడో బోధకులు మాట్లాడటానికి మొహమాటపడతారు. యోషిన్‌కాన్ శాఖను 1955లో స్థాపించిన గోజో షియోదా మాత్రం మొహమాటపడలేదు. నిజమైన తగాదాలో ఏడు పాళ్లు అతెమి, మూడు పాళ్లు విసురు అని తన గురువు చెప్పేవారని ఆయన పదేపదే గుర్తుచేశారు. షియోదా చాలా పొట్టి మనిషి, ఆయన డోజోలో టోక్యో పోలీసుల అల్లర్ల నిరోధక దళం వారు శిక్షణ పొందుతూ వచ్చారు. గుంపును ఎదుర్కొనడం ఆ దళానికి వృత్తి కాబట్టి ఆ మాటకు నేను బరువు ఇస్తాను. దెబ్బ అనగానే ఎముక విరగాలని కాదు. ముఖం మీదికి వచ్చిన అరచేయి ఎదుటివాని చూపును, అడుగును ఒక్క క్షణం ఆపుతుంది, మనకు కావలసింది ఆ క్షణమే.

అభ్యాసం ఏ వరుసలో నేర్పాలి అన్నది ఇక చూద్దాం. ఉయెషిబా వర్గపు సంస్థ అయిన జపాన్‌లోని ఐకికై పరీక్షల్లో ఇద్దరితో చేసే అభ్యాసం రెండో డాన్‌కు (డాన్ అంటే నల్ల పట్టీలోని మెట్టు), అంతకు మించినవారితో చేసేది మూడో డాన్‌కు అడుగుతారు. అంటే సాధారణంగా చాలా ఏళ్ల సాధన తరువాత. పరీక్షకు అది సమంజసమే కావచ్చు గాని, అభ్యాసం అంత ఆలస్యంగా మొదలుకావడం నాకు సమ్మతం కాదు. విసరడం, పడటం అక్కర్లేని రూపంలో దీనిని మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు, పెట్టాలి.

ఆ రూపం ఇది. మధ్యలో ఒకరు, చుట్టూ ముగ్గురు. ముగ్గురూ చేతులు ముందుకు చాచి, మామూలు నడక వేగంతో, మధ్యవాని భుజాలు పట్టుకోవడానికి వస్తారు. పరుగు నిషేధం. మధ్యలో ఉన్నవారు చేతులు వాడకూడదు, ఇరిమి, తెన్‌కాన్ మాత్రమే వాడాలి. చూసేవారికి పిల్లల ఆటలా ఉంటుంది, చేసేవారికి చాలా విషయాలు బయటపడతాయి. చాలామంది తమకు అనుకూలమైన ఒకే పక్కకు తిరుగుతారు, ముగ్గురూ అది కనిపెట్టి ఆ పక్కన కాపు కాస్తారు. కొందరు చూపును నేల మీదికి దించుతారు. కొందరు ఒక్క వ్యక్తి ముఖాన్నే చూస్తూ మిగిలిన ఇద్దరినీ మరచిపోతారు. ఎవరి ముఖంలోకీ చూడకుండా, ఛాతీ ఎత్తులో చూపును వెడల్పుగా పరచి ఉంచడం ఇక్కడే అలవడుతుంది. ఊపిరి బిగబట్టే అలవాటు కూడా ఇక్కడే పట్టుబడుతుంది. వేగం పెరిగిన తరువాత ఒక్క నిమిషం సాధన మనిషిని పూర్తిగా అలసిపోయేలా చేస్తుంది, ఊపిరి ఆపినవాడు అర నిమిషానికే ఆగిపోతాడు.

తరువాతి మెట్టులో చేతులు వస్తాయి, విసురు రాదు. భుజం మీదికి వచ్చిన చేతిని పక్కకు తప్పించి, ఆ వ్యక్తి వీపును తాకి ముందుకు సాగాలి. ఆ పైన ఇద్దరితో, రెండు భుజాలూ పట్టుకునే దాడితో మాత్రమే విసరడం మొదలుపెట్టాలి. అది కుదిరాక ముగ్గురు, ఆ తరువాత తల మీదికి దెబ్బలు, పొట్టలోకి గుద్దులు కలపవచ్చు. నలుగురిని దాటి సంఖ్య పెంచడం వల్ల ప్రదర్శన రక్తి కడుతుంది తప్ప నేర్చుకునేది పెద్దగా పెరగదు, ఎందుకంటే ఒక మనిషి చుట్టూ ఒకేసారి చేరగలిగినవారు ఎలాగూ నలుగురైదుగురే.

ఈ సాధనలో దాడి చేసేవారిని ఉకే అంటారు. నా దృష్టిలో వారికే మొదట శిక్షణ కావాలి, సాధారణంగా వారినే ఎవరూ పట్టించుకోరు. మర్యాదస్తుడైన ఉకే తన వంతు కోసం ఆగుతాడు. ముందువాడు పడి లేచేదాకా రెండోవాడు చేతులు నలుపుకుంటూ నిలబడితే అది బహుళ దాడి కాదు, వరుసగా జరిగిన మూడు ఒంటరి దాడులు. ఇంకొందరు తాకకముందే పడిపోతారు. ప్రదర్శనలలో కనిపించే ఈ ధోరణిని చూసే ఇతర యుద్ధవిద్యలవారు ఐకిడోను ఎగతాళి చేస్తారు, ఆ విమర్శలో చాలా భాగం న్యాయమే. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ముగ్గురూ ఏమీ ఆలోచించకుండా ఒకేసారి కుప్పగా మీదపడితే మధ్యవాడు కిందపడతాడు, ఎవరో ఒకరి మోకాలు దెబ్బతింటుంది, ఎవరికీ ఏమీ అబ్బదు. కాబట్టి ఉకేకు స్పష్టమైన పని ఇవ్వాలి. నిజంగా పట్టుకోవడానికే రావాలి, అందకపోతే ఆగకుండా మళ్లీ తిరగాలి, పడితే వెంటనే లేచి తాను పడిన దిక్కు నుంచే కాక కొత్త దిక్కు నుంచి రావాలి, నిలకడ చెదరనంతవరకు పడకూడదు. ఇంత నిజాయితీగా దాడి చేసే ముగ్గురు దొరికితే గురువు చెప్పవలసింది సగానికి తగ్గిపోతుంది.

ఈ సమస్యను అందరికన్నా ముందు బహిరంగంగా చర్చించినవారిలో కెంజి తొమికి ఒకరు. ఉయెషిబా శిష్యుడైన ఆయన, జూడో స్థాపకుడు కానో జిగోరో వద్ద కూడా నేర్చుకున్నవారు. ఎదుటివాడు స్వేచ్ఛగా ప్రతిఘటించే సాధన లేకపోతే మన పద్ధతి పనిచేస్తుందో లేదో మనకే తెలియదన్నది ఆయన వాదన. ఆయన శాఖలో రందోరి అంటే ఒకరితో ఒకరు పోటీపడేదే, అందులో ఒకరి చేతిలో మెత్తని కత్తి ఉంటుంది. ఉయెషిబా వర్గం పోటీలను అంగీకరించలేదు. ఆ వివాదంలోకి నేను ఇప్పుడు వెళ్లను గాని, బహుళ దాడి సాధన చేసే ఏ శాఖవారైనా వారానికి ఒకసారి ఒక్కరితో ఒక్కరు, ప్రతిఘటనతో చేసి చూసుకోవడం మంచిది. ఒక్కరి పట్టే విడిపించుకోలేనివారికి ముగ్గురి మధ్య నడక కూడా నిలవదు.

ప్రమాదాల గురించి రెండు మాటలు. ఈ సాధనలో ఎక్కువ గాయాలు విసరడం వల్ల కాక, పడినవాడి మీద మరొకరు పడటం వల్ల కలుగుతాయి. విసిరే దిక్కున ఎవరైనా పడి ఉన్నారా అని చూడనివారికి వేగం పెంచే అర్హత రాలేదన్నట్టే. షిహోనాగే ఈ గందరగోళంలో వాడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చివరలో చేయి వదలకపోతే ఉకే తల వెనుక భాగం నేలకు బలంగా తగులుతుంది. ఉకెమి, అంటే పడటం, బాగా రానివారు దాడి చేసేవారిగా ఉంటే నడక మెట్టు దాటకూడదు. ఎవరు ‘యమే’, అంటే ఆపండి, అన్నా అందరూ ఉన్నచోటనే ఆగిపోవాలి, గురువుతో సహా.

ఇక ఈ గది దాటి బయటికి వెళ్దాం. వీధిలో మీదపడేవారు రెండు భుజాలు పట్టుకుని ఉదారంగా ముందుకు ఉరకరు. ఒకడు మాటలలో పెట్టి మీ చూపును తన మీద నిలుపుతాడు, ఇంకొకడు పక్కకు చేరతాడు. ఒకడు పట్టుకుంటాడు, ఇంకొకడు కొడతాడు. అందువల్లనే ఇద్దరు చెరో చేయి పట్టుకునే పాత అభ్యాసాన్ని నేను ఇప్పటికీ వదలలేదు. ఆ స్థితిలో ఇద్దరినీ ఒకేసారి లాగాలని చూడకుండా, ఒకరి వైపే పూర్తిగా నడిచి, వారి పక్కకు చేరి, రెండోవాని చేయి చాలనంత దూరం సాగేలా చేయాలి. కింద మెత్తని చాప ఉండదు, రాతి పలకలో, కంకరో ఉంటుంది. కాలికి చెప్పులుంటాయి. చున్నీ గాని, సంచి గాని పట్టి లాగితే దానికోసం పెనుగులాడకండి, వదిలేయండి, ఆ వస్తువు మీద ఉన్న చేయి మీ మీద లేనట్టే. కత్తి కనబడితే నేను ఇంతసేపు చెప్పినదంతా ఒక్క ముక్కకు కుదించుకుపోతుంది. పారిపోండి, అరవండి, 112కు ఫోను చేయండి. కత్తి పట్టిన ఇద్దరిని వట్టి చేతులతో ఎదుర్కొనడం నేర్పుతామని చెప్పే బోధకుడి దగ్గర రుసుము కట్టకండి.

ఆ కారణంగానే నేను సాధనలో ఒక మార్పు చేశాను. గదికి ఒక పక్క తలుపు ఉందని నిర్ణయించి, మధ్యలో ఉన్నవారి లక్ష్యం ఆ తలుపు చేరడమే అని నియమం పెడతాను. ఎందరిని పడవేశారన్నది లెక్కలోకి రాదు. ఈ నియమం పెట్టగానే అంతకుముందు అందంగా విసిరినవారు తడబడతారు, ఎందుకంటే వారి నడక గుంపు చుట్టూనే తిరుగుతుంటుంది. చివరివాని వెలుపలికి పోయేటప్పుడు తలుపు ఉన్న పక్కనే చివరివాణ్ణి ఎంచుకోవాలి అన్న ఆలోచన రెండు మూడు విడతల తరువాత గాని రాదు. దీనికి కొన్ని డోజోలలో పెద్దలు అభ్యంతరం చెబుతారని తెలుసు, పారిపోవడం యోధునికి తగదని వారి భావన. ఆత్మరక్షణ అన్న పేరు పెట్టి నేర్పుతున్నప్పుడు ఆ భావనకు చోటు లేదని నా ఉద్దేశం.

చట్టం కూడా ఇంచుమించు ఇదే అడుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. తనను, ఇతరులను కాపాడుకునే హక్కు మనకు ఉంది. అయితే రక్షణకు అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేయడానికి ఆ హక్కు విస్తరించదని 37వ సెక్షన్ చెబుతుంది, అధికారుల రక్షణ పొందే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదని కూడా చెబుతుంది. పడిపోయినవాణ్ణి మళ్లీ తన్నినవాడు, పారిపోతున్నవాణ్ణి వెంటాడి చేయి విరిచినవాడు ఐకిడో నేర్చుకున్నానని చెబితే న్యాయస్థానంలో అది అతనికి మేలు చేయదు. విసిరి వదిలేసి ముందుకు సాగే అలవాటు ఈ దృష్టితో చూసినా క్షేమకరమే.

మాటలు చాలు. ఇప్పుడు చాప మీదికి నలుగురు కావాలి, వారిలో ఇద్దరైనా ఇంతవరకు ఏమీ నేర్చుకోనివారై ఉండాలి. చెప్పులు, గడియారాలు, చెవి పోగులు తీసి పక్కన పెట్టండి. మొదటి విడత నడకతోనే, చేతులు వాడకుండా. కిటికీ వైపున్న గోడను తలుపుగా అనుకోండి. మధ్యలో ఎవరు నిలబడతారో మీరే నిర్ణయించుకోండి, మిగిలిన ముగ్గురు దయచేసి మర్యాద పాటించకండి.